తరవాణి కుండ దగ్గర ఎలుగు

ఎండాకాలం తరవాణి లేకపోతే మా అత్తగారికి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మిగిలిన అన్నం, గంజి, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ ఓ కుండలో పోసి రోజుల తరబడి పులియబెట్టేది. ఆ పుల్లనీళ్లు తాగితే వడదెబ్బ దగ్గరికి రాదని శ్రీకాకుళం వాళ్ల నమ్మకం. మాది కృష్ణా జిల్లా. ఆ వాసన నాకు పడేది కాదు. ఇంట్లో పెట్టొద్దని పోరి పోరి, ఆ కుండని పెరట్లోకి తోయించాను. అక్కడికి నేనేదో గెలిచేశాననుకున్నాను.

ఎనభైల్లో మాట ఇది. మా ఆయన గూడ్సు గార్డు. డ్యూటీకెక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాకిచ్చిన క్వార్టరు చిట్టచివరిది. ముందు వరండా, ఒక గది, వంటిల్లు, వెనక నాలుగు గోడల పెరడు. పెరటి తలుపు తీస్తే ఊడ్చేవాళ్లు తిరిగే సఫాయి గల్లీ, గల్లీ చివర పట్టాలు, పట్టాల అవతల తుప్పలు. ఆ తుప్పల్లో నక్కలున్నాయని అందరూ చెప్పారు. ఎలుగుబంట్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ క్వార్టర్లో చచ్చినా దిగేదాన్ని కాదు.

ఆయన డ్యూటీలో ఉన్న ఓ రోజు పొద్దున్న నేనూ అత్తగారూ ఎదురు క్వార్టరు పిన్ని వాకిట్లో మంచం మీద వడియాలు పెడుతున్నాం. పది నెలల మా అమ్మాయి మా గదిలో చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. గాలి ఆడుతుందని పెరట్లోకి తెరుచుకునే వంటింటి తలుపు తెరిచే వదిలాను. పెరటి తలుపు గడియ వేశానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. వెయ్యలేదనే అనుకుంటాను.

గల్లీ వైపు నుంచి కాకా వచ్చాడు. గ్యాంగ్‌మన్‌గా రిటైరైన ఛత్తీస్‌గఢీ ముసలాయన. మనవాళ్ల గ్యాంగుల్లోనే పనిచేసి తెలుగు బాగానే పట్టేశాడు, నన్ను మాత్రం కోడలని బహూ అనేవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు బాగా తగ్గించాడు.

"బహూ, అరవకు. మీ పెరట్లో భాలూ ఉంది. ఎలుగు. పిల్లని కూడా తెచ్చుకుంది. మీ కుండలో నీళ్లు తాగుతున్నాయి. మహువా పులిసిందనుకుని వచ్చినట్టున్నాయి."

మహువా అంటే ఇప్పపువ్వు. అదంటే ఇక్కడి ఎలుగులకి ప్రాణం. అప్పుడు నాకు అవేవీ తలకెక్కలేదు. తెరిచి ఉన్న వంటింటి తలుపు, దాని ఇవతల ఉయ్యాల, అంతే కనిపించాయి.  పిండి చేతులతోనే లేచాను.

"ఓలమ్మో, గుంట లోపలే ఉండిపోనాది!" అంది అత్తగారు. గుంటంటే వాళ్ల వైపు పిల్ల.

కాకా వేలు నోటి మీద పెట్టుకుని చెప్పాడు. ముందు వాకిలి నుంచి వెళ్లి పాపని తెచ్చుకోవాలి. వంటింటి తలుపు మూసెయ్యాలి. ఆ తర్వాత దారి వదిలితే ఎలుగు తనంతట తనే పోతుంది. బెదిరిందంటే మాత్రం ఎటు దారి కనిపిస్తే అటు దూరుతుంది.

అత్తగారూ నేనూ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. గదిలోంచి పెరడు తిన్నగా కనిపిస్తుంది. నల్లటి వీపు ఒకటి, దాని పక్కన చిన్న వీపు. కుండలో మూతి పెట్టి జుర్రుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఉయ్యాలలోంచి పాపని ఎత్తుకోగానే దాని కాళ్ల మువ్వలు ఘల్లుమన్నాయి. పుట్టువెంట్రుకలకి పుట్టింటివాళ్లు పెట్టిన వెండి మువ్వలు అవి.

జుర్రడం ఆగింది. పెద్ద ఎలుగు తలెత్తి చూసింది. పాప రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి మువ్వలతో సహా పిడికిట్లో బిగించేశాను. కదల్లేకపోయాను. పాపని అక్కడే వదిలేసి పారిపోతానేమోనని నా మీద నాకే భయం వేసింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు.

నా పక్కనుంచి అత్తగారు ముందుకి నడిచింది. గోడవార నడిచి వంటింట్లోకి వెళ్లి, ఎలుగుకి నాలుగు బారల దూరంలో నిలబడి, కిర్రుమనకుండా తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టింది. ఆవిడతో నేను ఎన్ని పేచీలు పెట్టుకున్నానో లెక్కలేదు. ఆ తలుపు మూసిన చెయ్యి ఆవిడది.

మేం బయటపడేసరికి గల్లీ మొదలంతా జనం. లాఠీలు, గునపాలు, ఇనప రాడ్లు. ఎవడో తెలివైనవాడు గోడ మీంచి రాయి విసిరాడు. ఎలుగు ఒక్క అరుపు అరిచింది. ఆ వెంటనే వంటింటి తలుపు దబదబా మోగింది. మేం అప్పుడే బయటపడ్డ గదికీ ఎలుగుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క చెక్క తలుపే. ఎదురింటి పిన్ని వరండాలో కూలబడిపోయాను. మాది చివరి క్వార్టరు కావడంతో, అక్కణ్నుంచి దాని పక్కగా గల్లీ అంతా కనిపిస్తుంది.

కాకా ఎంత చెప్పినా జనం వెనక్కి తగ్గలేదు. పిల్లలున్న కాలనీ, చంపేద్దామన్నారు. ఆయన చరచరా ఇంటికి పోయి పాత ఎర్ర జెండా పట్టుకొచ్చాడు. గల్లీ మొదట్లో జనానికి ఎదురుగా నిలబడి, లైను మీద నిలబడినట్టే చెయ్యి చాచి జెండా పట్టాడు. నవ్వుకోండి గానీ, అంతమందీ ఆగిపోయారు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, పాయింట్స్‌మన్లు. తిట్టినా వినని వాళ్లు ఎర్ర గుడ్డ చూసి అడుగు ముందుకి వెయ్యలేకపోయారు.

"హల్లా మత్ కరో. గోల చెయ్యకండి. అది తల్లి. దారి కావాలి దానికి, అంతే," అన్నాడు కాకా.

ఆడవాళ్లు గోడల మీంచి ఒకరికొకరు చెప్పుకుంటూ గల్లీ పొడుగునా పెరటి తలుపులు బిగించేశారు. ఎవరి కుక్కని వాళ్లు లోపల కట్టేసుకున్నారు. పిన్ని భర్త సిగ్నళ్లు లాగే కేబిన్‌మన్. ఆయన చుట్టుదారిన కేబిన్‌కి పరిగెత్తి, వస్తున్న బొగ్గు గూడ్సుని సిగ్నల్ బయటే ఆపించాడు. గొడవంతా అణిగిపోయింది.

ఎంతసేపో తెలియదు. పెరటి తలుపు కదిలింది. ముందు ముక్కు, తర్వాత ఎలుగు. అటూ ఇటూ చూసి లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి పిల్ల దాని వీపు మీద బొచ్చు పట్టుకుని ఉంది. గల్లీ వెంట లైను వైపు నడిచింది. పట్టాల మధ్య ఓ క్షణం ఆగింది. తర్వాత తుప్పలు కదిలాయి, అంతే.

జనం ఒక్కసారి కేకలు పెట్టారు. కాకా జెండా చుట్టుకుంటూ అరుగు మీద చతికిలబడ్డాడు.  పాప గుక్కపట్టి ఏడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది.

"ఒలే, గుంట కాళ్లొదులు. ఎలుగెల్లిపోనాది. ఇంకేటి భయం?" అంది అత్తగారు.

వదులుదామంటే నా పిడికిలి విడలేదు. ఆవిడే ఒక్కో వేలూ విడదీసింది. పాప చీలమండల మీద మువ్వలు దిగబడి రక్తం వచ్చింది. ఎలుగు దాని జోలికే రాలేదు. ఆ రోజు నా కూతురికి తగిలిన దెబ్బలన్నీ నేను పెట్టినవే.