సగంలో ఆగిన రాత

తన పనేమిటో చెప్పమని పెద్దమ్మ బురుల్‌కాన్ అడిగితే మేరిమ్ కాస్త ఆలోచించి చెప్పింది.

"యుర్తా గుడారానికి జాలిగోడ ఒకరు అల్లుతారు, వాసాలు ఒకరు వంచుతారు, పైచక్రం ఇంకొకరు చేస్తారు. నాన్న వాటిని తెచ్చి బిగించేవాడు కదా? నాదీ అదే, పెద్దమ్మా. దారి చూపే ముక్క, పేజీ గీసే ముక్క, వచ్చిందెవరో గుర్తుపట్టే ముక్క, అన్నీ ఫ్రేమ్‌వర్క్‌లో చేసిపెట్టే ఉంటాయి. నేను బిగిస్తాను."

"కారకుండా బిగించు మరి," అంది బురుల్‌కాన్.

ఆ వసంతంలో మేరిమ్ నరీన్ పట్నం ఆఫీసులో కూర్చుని, కొండమీది మేతబీళ్లలో ఉన్నవాళ్లు నర్సును పిలుచుకునే సైటు కట్టింది. అడిగిన లోయకు, అందరూ ఎజె, అంటే అక్క, అని పిలిచే నర్సు కులుయిపా బండి వెళ్తుంది. వేసవి సగమైనా పెద్దమ్మ లోయనుంచి ఒక్క పిలుపూ రాలేదు. పెద్దమ్మ కోడలు ఐసులూకు నెలలు నిండుతున్నాయి. కిందటేడు బిడ్డ దక్కలేదు. మేరిమ్ ఒక్కో ముక్కనూ పరీక్షించింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"మీ పెద్దమ్మ ఫోను గుర్రానికిచ్చి ఉంటుందిలే," అని పక్క కుర్చీ ఎసెన్ నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. పిండి బస్తా ఒకటి వేసుకుని కొండెక్కింది.

సిగ్నల్ అందే గుట్టమీద పెద్దమ్మ ఒక్కో అక్షరమే వెతికి నొక్కుతోంది. కింద గుర్రప్పిల్లలు సకిలించాయి. ఆడగుర్రాల పాలు పితికే వేళ. ఫోను జేబులో వేసుకుని పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ మొదటికొచ్చింది.

"ఇదిగో, ఎవరు నువ్వంటోంది. పొద్దున్నుంచి మా ఇద్దరికీ పరిచయాలతోనే సరిపోతోంది!"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"కష్టపడి కట్టావు, తల్లీ. వంక పెడితే చిన్నబుచ్చుకుంటావని. నా వేళ్లే మొద్దనుకున్నా."

మేరిమ్‌కు అప్పుడర్థమైంది. కాసేపు పలక్కపోతే మనిషిని మరిచిపోయే ముక్క అది. ఎలా వచ్చిందో అలాగే బిగించేసింది. పాలిచ్చే గుర్రం పితికే వేళకు ఆగదని కాపరి కూతురై ఉండీ మరిచింది.

"నేను రాసేస్తా, ఇటివ్వు."

"నువ్వు రాస్తే మా ఒక్క గుడారానికే బండి వస్తుంది. అటు చూడు, ఇంకెన్ని ఉన్నాయో. అదేదో బాగుచెయ్యి."

మేరిమ్ బిస్మిల్లా అని లాప్‌టాప్ తెరిచింది. గాలికి వణుకుతుంటే పెద్దమ్మ తన కోటు తీసి భుజాలమీద కప్పి, పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె పక్కన పెట్టి వెళ్లింది. సైటు ఎవరు నువ్వని మళ్లీ అడిగినా సరే, అదే ఫోను నంబరు చెబితే సగం రాసింది తిరిగివ్వాలి. మళ్లీ పితికే వేళకు పని ముగిసింది.

పెద్దమ్మ రాస్తూ లేచి వెళ్లింది, పాలు పితికి వచ్చింది.

"ఓయ్! రాసింది రాసినట్టే కూర్చుని ఉందే!"

మర్నాడే బండి వచ్చింది. కులుయిపా ఎజె ఐసులూ చెయ్యి పట్టుకుని, రక్తపోటు చూసి మొహం గంభీరం చేసుకుంది. "సమయానికి పిలిచారు, బతికించారు," అంటూ వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయింది. మిగిలిన గుడారాలనుంచీ పిలుపులు రావడం మొదలైంది.

ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ కబురు గుట్టమీదికే వచ్చింది. మేరిమ్ రాయిమీద కూలబడి ఏడ్చేసింది. బురుల్‌కాన్ అరచేతులు చాచింది.

"దేవుడు చల్లగా చూడాలి. పిల్ల గట్టిగా ఉండాలి. దాని నవ్వు..."

కింద గుర్రప్పిల్లలు సకిలించాయి. ఆమె చేతులు దించకుండానే లేచింది.

"దీవెన సగంలో ఉంది, దాచిపెట్టు. పితికొచ్చి పూర్తి చేస్తా."