మాదేశ్వరి ఇంట్లో స్నానాలగది

సోగత్తూరు మాదేశ్వరి పెళ్లయిన కొత్తలో, భర్త సదాశివం గోడ కడుతుంటే సిమెంటు గంపలు మోసేది. మోస్తూ మోస్తూనే పని నేర్చుకుంది. ఇప్పుడు ధర్మపురిలో కొత్త ఇళ్ల స్నానాలగదులకు టైల్స్ పరిచేది అతను, వాటి కింద నీరు దిగకుండా పూత వేసేదీ, సందులు నింపేదీ ఆమె. ఊరందరికీ చేసిపెట్టిన ఆ దంపతులకు మాత్రం ఇంటి వెనక తాటాకు దడి చాటునే స్నానం.

మొన్న వేసవిలో అత్త మాదమ్మాళ్ ఆ దడి పక్కన బురదలో జారిపడింది. ఎముకలు విరగలేదు గానీ, మాదేశ్వరి ఇక ఊరుకోలేదు. వంటింటిని ఆనుకుని గోడలు లేపించింది. నేలకూ గోడలకూ తనే పూత వేసింది. మూలల్లో వలగుడ్డ అతికించి, దాని మీద మళ్లీ వేసింది. ఆరాక, నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి, ఎక్కడైనా దిగుతాయేమో చూడ్డానికి నేల మీద నీళ్లు నిలబెట్టింది.

తెల్లారి చూస్తే నీళ్లు తగ్గిపోయి ఉన్నాయి.

"ఎండకు ఆవిరై పోయింటాయి లేమ్మే," అన్నాడు సదాశివం. మొరప్పూర్‌లో కాపురముంటున్న కూతురు తమిళ్‌సెల్వి వచ్చేలోగా టైల్స్ వేసేయాలని అతని తొందర.

"లోపల ఎండ యాడిదయ్యా? ఇట్లా వచ్చి చూడు."

బయట గోడ మీద, గొట్టం దిగేచోట అరచేయంత తేమ. సదాశివం వేలితో తడిమి, "మన ఇల్లే కదా, మళ్లీ చూసుకుందాం," అన్నాడు.

"మన ఇల్లని వదిలేస్తే, రేపు గోడంతా నల్లబూజు పడతాది. అప్పుడు ఎవురిని పిలిచేది? నన్నే కదా!"

అతనికి నవ్వాగలేదు. నవ్వుతూనే ఉలి తెచ్చి గొట్టం చుట్టూ చెక్కాడు. ఆమె ఆ సందును గట్టిగా పూడ్చి మళ్లీ పూత వేసింది. ఈసారి పోసిన నీళ్లు పోసినట్టే నిలిచాయి.

టైల్స్ మాత్రం పని చేసిన ఇళ్లలో మిగిలినవి, అడిగి తెచ్చుకున్నవి. ఒకటి నీలం, ఒకటి పూలది, ఒకటి మట్టిరంగు. గరుకువన్నీ ఏరి, అత్త జారకుండా నేలకు వేయించింది. సదాశివం గాలికని గోడలో చిన్న కంత వదిలితే ఒప్పుకోక కిటికీయే పెట్టించింది.

"తేమ పోయేకి దోవ లేకుంటే, ఎంత పూసినా బూజు పడతాదయ్యా."

తమిళ్‌సెల్వి వస్తూ షవర్ పట్టుకొచ్చింది. బిగించగానే మొదట మాదమ్మాళ్‌ను పంపారు. ముసలామె ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"అత్తా, అయినాదా?" అని తలుపు తట్టింది మాదేశ్వరి.

"ఉండు మే! ఇంట్లోనే వాన పడతా ఉంటే ఎట్లా వచ్చేది?"

తమిళ్‌సెల్వి పకపకా నవ్వింది. మాదేశ్వరి తువ్వాలు భుజాన వేసుకుని, తన వంతు కోసం తీరిగ్గా గడప మీద కూర్చుంది.