మొగలిపొదల హద్దు

చనిపోయే ముందురోజు కూర్మమ్మ పిన్ని బరంపురంలో మా ఇంటికొచ్చి, ఎప్పటిలాగే బీరువా తెరిచి నా చీరల మడతల్లో మొగలిపువ్వు పెట్టింది. "తలుపు బేగి మూసియ్యే గౌరీ, వాసన ఎలిపోతాది" అని, టీ కూడా తాగకుండా మా ఊరి వైపు వెళ్ళే గిరిసోల బస్సెక్కింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. సముద్రపు గట్టున ఇసుకలో ఉన్న మొగలిపొదలే ఆమె ఆస్తి. తెల్లవారకముందే ముళ్ళలోకి దూరి పువ్వులు కోసి అత్తరు తీసే బట్టీకి వేసేది.

నేను నర్సింగు రెండో ఏడు చదువుతుండగా ఆ ఇసుకలోని ఖనిజాల కోసం విదేశీ కంపెనీ వచ్చింది. కంపెనీ దొర ఊరికి మంచినీళ్ళ కుళాయి వేయించాడు. తవ్వకానికి ఊరి ఒప్పుదల అడిగే సభ రోజున అందరికీ భోజనాలన్నాడు. ఒకరి అన్నం తిన్న పూట వాళ్ళ మాట కాదనకూడదని మా ఊళ్ళో పట్టింపు. పిన్ని ఆ పొద్దున్నే దొరనూ, అతని మాటలు తెలుగులో చెప్పే హరీష్‌నూ గుమ్మం దగ్గర ఆపి, చద్దన్నం, ఎండుచేపల కూర పెట్టింది.

"ఏటంతన్నాడు బాబూ?"

"బాగుందంట అత్తా. ఇంకొంచెం కావాలంట."

"ఏస్తాను. ముందీ మాట సెప్పు. మా ఉప్పు తిన్నాడు గదా, ఇప్పుడు మా పొదలు పీకేత్తానని ఎలాగంతాడో సూత్తాను."

హరీష్ నవ్వుతూనే చెప్పాడు. దొర ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆమెనే చూశాడట. తర్వాత తినేశాడట.

సభలో పిన్ని విస్తరి ముట్టకుండా లేచింది. "నానింకా తిన్లేదు. మాటాడొచ్చు." జనం గొల్లుమన్నారు. గట్టు వెంట పొదల్ని వదిలేస్తామని దొర అక్కడే ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే ఆమె భోజనానికి కూర్చుంది. దొర మాట తప్పలేదు. నా చదువు ఆగలేదు. అన్నం పెట్టిన పిన్నికీ, ఆ అన్నానికి కట్టుబడిన అతనికీ నేనింకా దండం పెట్టుకుంటూనే ఉంటాను.

పిన్ని పోయిన పదో రోజున, పక్క పొదల సీతాలు నా దగ్గర కూర్చుని చెప్పింది. హద్దురాళ్ళు పాతేటప్పుడు కంపెనీ బండ్ల దారికి ఎవరివో కొన్ని పొదలు పోక తప్పలేదట. పిన్ని తనవన్నీ ఇచ్చేసి, అప్పటినుంచి సీతాలు పొదల్లో కూలికి కోసిందట. నా చీరల్లో పెట్టే పువ్వు ఏటా సీతాలునడిగి తెచ్చుకున్నదట.