రుదెసిందో పడవ కింద పురుడు

జునిల్డా చిన్నతనంలో మాస్ అఫ్వేరా దీవిలో ఒక గుహలో సీలు అనే సముద్రజంతువు కనబడిందని తెలిసి, జనం పొయ్యి మీది గిన్నెలు దించేసి చూడ్డానికి పరుగెత్తారు. బొచ్చు కోసం తాతలనాటి ఓడలవాళ్లు ఆ జాతిని తుడిచిపెట్టేశారనే అప్పటిదాకా అందరి నమ్మకం. ఇప్పుడు ఆమెకు యాభైతొమ్మిది. ఒడ్డున తడిబట్ట ఆరేయడానికి జానెడు చోటు లేదు. ఏ బండ చూసినా సీళ్లే. వాటి అరుపులతో తెల్లవారుతుంది, వాటి కంపు పిసికిన రొట్టెపిండికి కూడా పడుతుంది.

ఇరవై రెండేళ్లుగా ఏటా జనవరిలో వాటిని లెక్కపెట్టేది ఆమే. సముద్రం అవతలి పెద్దభూమి నుంచి వచ్చిన పరిశోధకులు దీవి ఎరిగిన మనిషి కావాలన్నారు. మగవాళ్లంతా లాబ్‌స్టర్ల వేటలో ఉండే నెలలవి. మొదటి ఏడాది మూడు ఒడ్లలో కలిపి నాలుగు వందల పన్నెండు తేలాయి. కిందటేడు ఆరువేలు దాటేసరికి ఎడమ మోకాలు మొరాయించింది. మిగతావి బండమీద చతికిలబడి లెక్కపెట్టింది.

"మా వదిన వేలు చూపిస్తే చాలు, ఒకటి రెండవుతుంది. నా కోళ్లను కూడా ఓసారి లెక్కెట్టి పో వదినా!" అనేవాడు పక్కింటి ఎలియెసెర్.

ఈసారి డిసెంబరులో ఆమె భర్త రుదెసిందో పడవకు అడుగు చెక్కలు రెండు కుళ్లిపోయాయి. పడవను ఒడ్డుకు లాగి, దిమ్మల మీదికెక్కించి, మూడు రోజులు కష్టపడి కొత్త చెక్కలు బిగించాడు. నాలుగోనాడు పొద్దున్నే రంగు డబ్బా పట్టుకుని వెళ్లేసరికి, పడవ కింద నీడలో ఒక ఆడసీలు ఈని పడుకుంది. పక్కన నల్లని పిల్ల. మనిషిని చూడగానే తల్లి పళ్లికిలించి మీదికొచ్చింది.

"ఏమేవ్! నీ చుట్టాలొచ్చారు, వచ్చి చూసుకో!" అని కేకపెట్టాడు.

జునిల్డా వచ్చి చూసి, అక్కడే ఒక దిమ్మ మీద కూలబడింది. "ఇంత ఒడ్డు పెట్టుకుని, దీనికి మన పడవే కావాల్సొచ్చిందా?"

చీపురుతో అదిలిస్తే చీపురు కొరికి పారేసింది. గట్టిగా తరుముదామంటే చట్టం ఒప్పుకోదు. ఎనిమిది రోజులు అందరి పడవలూ సముద్రం మీదికెళ్లి వచ్చాయి. రుదెసిందో గుమ్మంలో కూర్చుని మాతే కషాయం పీలుస్తూ, వచ్చేపోయే వాళ్లందరి మీదా చిరాకుపడ్డాడు.

తొమ్మిదో రోజు తల్లి మేతకు సముద్రంలోకి వెళ్లిపోయింది. పిల్ల ఒక్కటే మిగిలింది.

"ఎత్తి నీళ్లలో పడెయ్యి," అన్నాడు ఎలియెసెర్. "ఆరువేలల్లో ఒకటి తగ్గితే కొంప మునుగుతుందా?"

రుదెసిందో పెళ్లాం మొహం చూశాడు.

"నా మొహమేం చూస్తావు? అవంటే నాకేం ముద్దా?" అని విసుక్కుంటూనే ఆమె లోపలికెళ్లి ఖాళీ పిండి సంచి తెచ్చి, పిల్లను అందులో చుట్టింది. చూస్తే ఇంతే ఉంది, ఎత్తితే గులకరాళ్ల మూటలా ఉంది. మణికట్టు కొరికింది కూడా. ఇరవై అడుగుల అవతల బండల సందులో దాన్ని వదిలి, నడుం పట్టుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నమే పడవ నీళ్లలోకి దిగింది.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. తల్లులు చాలా దూరం వెళతాయి, రావడానికి పది పన్నెండు రోజులు పడుతుందని ఆమెకు తెలుసు. కానీ వచ్చాక పిల్ల ఉన్న చోట లేకపోతే? రోజూ రొట్టె కాల్చడం అయ్యాక మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి చూసివచ్చేది. పిల్ల మొదట్లో గొంతు చించుకుని అరిచేది. వారం తిరిగేసరికి మెడ దగ్గర చర్మం వేలాడింది. పదో రోజుకు అరుపు కూడా తగ్గింది.

"మోకాలికి మందు రాసుకుని పడుకోవే," అన్నాడు రుదెసిందో.

"చోటు మార్చింది నేను. నిద్రెలా పడుతుంది?"

తల్లి వెళ్లిన పదమూడో రోజు పొద్దు వాలుతుండగా ఒక ఆడసీలు నీళ్లలోంచి పైకొచ్చి, తిన్నగా దిమ్మల దగ్గరికి పాకింది. పడవ లేదు. నేలంతా వాసన చూసి అరిచింది. అటూ ఇటూ నాలుగైదు పిల్లలు బదులు పలికాయి. దగ్గరికొచ్చిన రెండింటిని కరిచి తరిమేసింది. జునిల్డా బండ మీద ముందుకు వంగి చూసింది. అప్పుడు బండల సందులోంచి సన్నగా, బొంగురుగా ఒక గొంతు వినిపించింది. తల్లి ఆగింది. మళ్లీ పిలిచింది. పిల్ల తడబడుతూ బయటికొచ్చింది, తల్లి మూతి ఆనించి వాసన చూసి పక్కకు ఒరిగి పాలిచ్చింది.

జునిల్డాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. కాళ్లెంత నొప్పిగా ఉన్నాయో అప్పుడే తెలిసింది. ఇల్లు చేరి మంచం మీద వాలిపోయింది.

వేట నుంచి వచ్చిన రుదెసిందో గుమ్మంలోనే అడిగాడు. "వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే సూపు వేడిచెయ్యి, ఆకలేస్తోంది."

"పొయ్యి అక్కడే ఉంది. నువ్వే చేసుకో."

అతను పొయ్యి రాజేశాడు. సూపు వేడిచేసి, రెండు గిన్నెల్లో పోసి, ఒకటి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.