హచ్చొళ్ళి కాలవగట్టు మీద నా రివర్సు గేరు

కారు వల్ల పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. పోయిన పరువును ఏడుగురు మగవాళ్ళ చేత పట్టపగలు వెనక్కి తోయించుకున్నది మాత్రం నేనొక్కదాన్నే. అదీ పక్కసీట్లో మా అత్తను కూచోబెట్టుకొని.

ఆ తెల్ల కారు నేను పనిచేసే బడిలో రిటైరైన లెక్కల మాస్టారిది. తాళాలు నా చేతికిచ్చేటప్పుడు ఆయన మొహంలో ఆడపిల్లను అత్తారింటికి పంపే బాధ లేదు. పంటినొప్పి తగ్గినవాడి సుఖం కనిపించింది. అప్పుడే అనుమానపడాల్సింది.

కొన్ని నెలలకు రివర్సు గేరు వేస్తే ఈనబోయే గేదెలాగా మూలగడం మొదలుపెట్టింది. మా ఆయన లారీ ఆఫీసులో పనిచేస్తాడు, బండ్ల జబ్బులు తెలిసినవాడు.

"ఒగసారి గ్యారేజీకి తీస్కపో సుజాతా. చిన్న జబ్బుగా ఉండంగానే చూపించాల" అన్నాడు.

"ఈ ఆదివారం పోతాలే" అన్నాను.

ఆదివారాలు వచ్చినాయి, పోయినాయి. ఒకరోజు రివర్సు పడటమే మానేసింది. సిగ్గుపడటానికి బదులు నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. "కారు కొనేది ముందుకు పోయేదానికి. ఎనక్కి పోయేదానికైతే కొనాల్నా?"

మేముండే కంటోన్మెంట్‌లో రోడ్లు వెడల్పు కాబట్టి ఒక చుట్టు కొడితే చాలు, బండి తిరిగేది. బడి మైదానంలో ఇంకా సుఖం. వెనక్కి తీయాల్సిన అంగళ్ళకు పోవడం మానేశాను. మంచి పండ్లంగడి ఒకటి అట్లాగే చేజారింది. మనిషి గేరుకు లొంగిపోవడమంటే ఇదే.

అంతలో హచ్చొళ్ళిలో అత్త చెల్లెలి మనమడికి పేరు పెట్టే కార్యం వచ్చింది. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది ఇంటికి పెద్దదైన మా అత్త. పగలు పన్నెండు గంటలలోపల చెప్పాలి. ఆమె ఎప్పుడూ నా కారెక్కలేదు. "నువ్వు తోలేది చూస్తే నాకు దేవుండ్లందరూ గుర్తొస్తారు" అనేది. ఆరోజు బస్సు తప్పిపోయింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి "సరే, పా" అంది. నాకు పరీక్ష పాసైనంత సంతోషం.

మా ఆయన గేటు దగ్గర "ఆ రివర్సు..." అన్నాడు.

"ఆయ్తు బిడు", అంటే సరేలే వదిలెయ్ అని, కన్నడంలో నోరు మూయించాను.

"రివర్సంటే ఏందమ్మీ?" అంది అత్త.

"అదొక పాట, అత్తా. కారులో వస్తాది."

సిరుగుప్ప దాటి కాలవగట్టు ఎక్కినాం. ఒక పక్క నిండు కాలవ, ఇంకో పక్క మోకాలెత్తు నీళ్ళలో వరిమడి. ఎదురుగా వరిగడ్డి ట్రాలీతో ట్రాక్టరు వచ్చి మూతికి మూతి పెట్టి నిలబడింది.

"అక్కా, కొంచిం ఎనక్కి తీసుకో. ట్రాలీతో నాకు కాదు" అన్నాడు ట్రాక్టరాయన, మర్యాదగానే. నా వెనక యాభై గజాల్లో వెడల్పు చోటు ఉంది కూడా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ఆ గొయ్యి దాకా పోవడానికైనా గేరు లేదు.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. అత్త పక్కనుంది కాబట్టి అది గొంతు దాటలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి "మేమే ఎందుకు తీయాల? ఆడోళ్ళమనా?" అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. పదేళ్ళలో మొదటిసారి ఆ కళ్ళలో నామీద గౌరవం చూశాను. తలుపు తీసుకొని దిగింది. కొంగు దోపింది.

"ఏమప్పా, ఆడమనిషి బండి తోల్తాంటే అలుసైందా నీకు?"

"నేనేమంటినవ్వా? ట్రాలీ ఎనక్కి పోతే వంకర తిరిగి కాలవలో పడ్తాది."

"పడనీ. మా కోడలు తీయదు."

"అత్తా, పోనీలే..." అన్నాను లోపలినుంచి.

"నువ్వు గమ్మునుండు. ఈపొద్దు నువ్వు తగ్గితే రేపు ఈ గట్టు మీద ఆడోళ్ళెవురూ బండి తోలేకి కాదు."

మళ్ళలో పనిచేసేవాళ్ళు గట్టెక్కినారు. బైకులు ఆగినాయి. టైము పదకొండున్నర దాటింది. పాపం ట్రాక్టరాయన దిగి నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "ఎనక్కి తీసేది రాకుంటే సిగ్గేమిలే అక్కా. దిగు, నేను తీసిస్తా."

దిగాను. ఆయన కూచొని గేరు లాగినాడు. మేకులడబ్బా బోర్లించిన చప్పుడు. మళ్ళీ లాగినాడు, మళ్ళీ అదే. రోగిని చూసిన డాక్టరులాగా నన్ను చూశాడు.

"దీనికి రివర్సే లేదు గదక్కా."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నాది రివర్సు మీద తెలిసింది.

అత్త నిదానంగా అంది. "పాటంటివి గదమ్మీ. నీకోసరం ఊరోళ్ళతో కొట్లాడితిని."

తిట్టుంటే బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

చివరికి ఏడుగురు ముందువైపు చేరి కారును వెనక్కి తోయడం మొదలుపెట్టారు. నేను మెడ తిప్పి స్టీరింగు పట్టుకున్నాను. అత్త మళ్ళీ ఎక్కి ఉత్సవ విగ్రహంలాగా కూచుంది. అప్పుడే అత్తకు ఆమె చెల్లెలి ఫోను.

"టైమైపోతాంది, యాడుండావక్కా?"

"వస్తాండాం. కాకుంటే ఎనక్కి వస్తాండాం. ఫోను పిల్లోని చెవికాడ పెట్టు."

అత్త గొంతు సవరించుకొని "శ్రీనివాసా" అంది. సరిగ్గా అప్పుడే బయట అందరూ ఒక్క గొంతుతో "తొయ్యప్పా" అన్నారు. పేరు మూడుసార్లు చెప్పాలి. వాళ్ళూ మూడుసార్లు అరిచారు.

కాసేపటికి ఫోనులో చెల్లెలి గొంతు. "అక్కా, శ్రీనివాస సరే. తొయ్యప్ప ఎవురి పేరే?"

మరుసటిరోజే గ్యారేజీకి పోయాను. గేరు కడ్డీ కింద బుష్ అనే వేలిగోరంత రింగు అరిగిందట. టీ చల్లారేలోపల మార్చేశాడు మెకానిక్కు. ఇప్పుడు రివర్సు వెన్నలాగా పడుతుంది. ఏం లాభం? ఆ గట్టు మీద నా తెల్ల కారు దూరాన కనబడితే చాలు, ట్రాక్టర్లన్నీ వెడల్పు చోటు చూసుకొని ముందే పక్కకు నిలబడిపోతాయి.

"రివర్సు బాగైందప్పా, మీరు రాండి" అని అరుస్తాను.

"వద్దక్కా, నువ్వే పో. మా నడుములు ఇంకా బాగు కాల్యా" అంటారు.

బస్సెక్కడం పూర్తిగా మానేసిన మా అత్త పక్కనుంచి మోచేత్తో పొడుస్తుంది. "ఎందుకు చెప్తావమ్మీ? దారిస్తాండారు గదా."

కాబట్టి తుంగభద్ర కాలవ నీళ్ళ సాక్షిగా, చదివే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బుష్ అరిగితే బుష్ అరిగిందనే చెబుతాను. ఆడజాతి గౌరవాన్ని గేరుబాక్సులోకి లాగను.