వాన గంట

మాది కాశీబుగ్గ. పెరట్లో ఎండబెట్టిన జీడిపిక్కల మీద చినుకు పడగానే మోగే గంట తయారుచేస్తానని మాస్టారైన మా ఆయన నిరుడు వేసవిలో ప్రకటించారు. గంటను నడిపే బుల్లి కంప్యూటర్లట, రకరకాల మైక్రోకంట్రోలర్ బోర్డులు తెప్పించి, ఏది వాడాలో తేల్చడానికి మా తమ్ముణ్ణి పిలిచారు. పిక్కల పక్కనే మంచం వాల్చి ఇద్దరూ వాదనకు దిగారు.

"దీనికి వైఫై ఉన్నాది బావా!"

"పిక్కలకు వైఫై ఏటికిరా? ఇది కరెంటు తక్కువ తింటాది, సూడు!"

వాళ్లున్నారన్న ధైర్యంతో నేను కునుకు తీశాను. వాన చప్పుడుకు పరుగెత్తుకొస్తే, ఇద్దరూ బోర్డులతో సహా అరుగెక్కి పొడిగా కూర్చున్నారు. మా ఏడాది పంట నీళ్లలో ఈదుతోంది.

"పిక్కలెత్తాలని తెలీదేటండీ?" అని అరిచాను.

"గంట ఇంకా పెట్టలేదు కదే!" అన్నారాయన.

ఏ బోర్డు మంచిదో ఇప్పటికీ తేలలేదు. మబ్బు పడితే మా ఇంట్లో మోగేది నా నోరే. దానికి వైఫై లేదు గానీ, వీధి చివరిదాకా వినిపిస్తుంది.