ఉగ్గాని తొట్టి కుమ్మరించిన పొద్దు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో జమ్మలమడుగులో బస్సులు ఆగే చోట మాకో హోటలుండేది. హోటలంటే ఏదో అనుకునేరు, రెండు బల్లలూ ఒక పందిరీ, అంతే. మా ఆయన మిరపకాయ బజ్జీలు వేసేవాడు. మా అత్త బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో నానేసి, చేత్తో పిండి, పోపూ పుట్నాలపొడీ కలిపి ఉగ్గాని చేసేది. అట్లాంటి ఉగ్గాని ఇంకెవరికీ చేతకాదని ఆమె నమ్మకం. నిజం చెప్పొద్దూ, నా నమ్మకమూ అదే.

పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోయే పొద్దుటి బస్సు మా ముందే ఆగేది. ఆ బస్సే మా బతుకు. ఒక ఎండాకాలం మా దగ్గర తిన్నవాళ్లకు వాంతులూ భేదులూ పట్టుకున్నాయని, డ్రైవరు సాయిబు బస్సును ఎదురు హోటలు ముందు ఆపడం మొదలుపెట్టాడు. అంతా ఎదురు హోటలువాళ్ల దిష్టేనని మా అత్త రోడ్డు మీద నిలబడి శాపనార్థాలు పెట్టింది. బస్సు మాత్రం ఇటు రాలేదు. ఇంక హోటలు మూసేసి ప్రొద్దుటూరు నూనె మిల్లులో కూలికి పోతానని మా ఆయన తన బట్టలు ఒక పంచెలో మూట కట్టి కొయ్యకు తగిలించాడు. ఆ మూట చూసినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది కాదు, ఒళ్లు మండేది.

అప్పుడే ప్రొద్దుటూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఒకాయన చిన్న హోటళ్లవాళ్లకు పాఠాలు చెబుతున్నాడని విన్నాం. ఇన్నేళ్లుగా వండుతున్నవాళ్లకు ఆయనెవరు చెప్పేదానికి అని మా ఆయన కదల్లేదు. నేనే పోయాను. బడి వరండాలో అంతా మగవాళ్లే. నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అని ముందు వరసలో కూర్చున్నాను.

భేదులు దిష్టి వల్ల రావట. పచ్చి నీళ్లతో, కడగని చేతులతో, ఈగలతో వస్తాయట. ఆ మాట వింటుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. దిష్టి అయితే మనమేం చేయగలం? నీళ్లూ చేతులూ అయితే మన వశంలో ఉన్నవే కదా! ఎప్పుడు ఇంటికి చేరతానా, ఎప్పుడు పొయ్యి మీద నీళ్లు పెడతానా అని దారంతా ఒకటే ఆత్రం.

వచ్చీ రాగానే తాగే నీళ్లు కాచి, చల్లార్చి, మూత పెట్టాను. ఎవరూ చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె వేశాను. సబ్బు తెచ్చాను. అత్త సణుగుతూనే చేతులు కడుక్కుంది. మా ఆయన పోయి డ్రైవరును బతిమాలితే, ఒక్క పొద్దు ఆపి చూస్తానన్నాడు.

ఆ పొద్దు వచ్చింది. బస్సు హారను వినబడింది. మా అత్త సంబరంగా తొట్టిలోంచి బొరుగులు పిండుతోంది. తొట్టి చూడగానే నాకు తట్టింది. అవి పెన్నేటి ఇసుకలో తవ్విన చెలమలోంచి తెచ్చిన పచ్చి నీళ్లు! తాగే నీళ్లయితే కాచాం గానీ, బొరుగులు నానేసే నీళ్లు మాకెవరికీ నీళ్ల లెక్కలోకే రాలేదు.

జనం దిగుతున్నారు. నేను తొట్టి ఎత్తి కాలవలో కుమ్మరించాను.

"ఏందిమే, పిచ్చి పట్టిందా నీకు? వచ్చిన బస్సును ఎల్లగొడతాండావా?" అంది అత్త.

"పచ్చి నీళ్లత్తా అవి."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. సబ్బు దగ్గరికి పోయింది. నేను తొట్టిని మసిలే నీళ్లతో కడిగి, తాగేదానికని కాచి పెట్టుకున్న నీళ్లన్నీ అందులో పోశాను. బొరుగులు నానేదెంతసేపు? పోపు అప్పటికే వేగి ఉంది. తాగే నీళ్లు మాత్రం చుక్క మిగల్లేదు. నీళ్లడిగిన వాళ్లందరికీ మా ఆయన టీ అమ్మాడు. ఒక్క బస్సుకు అంత టీ మేమెన్నడూ అమ్మింది లేదు.

డ్రైవరు సాయిబు తిన్నాడు, మంచీ చెడూ ఏమీ చెప్పకుండా బస్సెక్కి పోయాడు.

మరుసటి పొద్దున నేను రోడ్డు మీదే నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎదురు హోటలు ముందు నెమ్మదించింది. తర్వాత దాన్ని దాటి వచ్చి మా పందిరి ముందు ఆగింది. పిచ్చిదాన్లా చప్పట్లు కొట్టాను.

మా బజ్జీలు అంత నచ్చాయా అని మా ఆయన డ్రైవరును అడిగాడు.

"బజ్జీలు యాడైనా దొరుకుతాయప్పా. గిరాకీ దిగుతాంటే తొట్టెడు ఉగ్గాని పారబోసినారు సూడు, అందుకే ఆపుతాండా," అన్నాడాయన.

మా అత్త ఎదురు హోటలుకు వినబడేట్టు, కాచిన నీళ్ల ఉగ్గాని రాండి రాండని కేకలు మొదలుపెట్టింది. మా ఆయన కొయ్య మీది మూట విప్పి, ఆ పంచెను సబ్బు పెట్టి ఉతికి ఆరేశాడు. సాయంత్రం దాన్నే చింపి, ఈగలు వాలకుండా బజ్జీల మీద కప్పాడు.